‘మనయే సార్’ అన్నందుకు

వైకుంఠం ఇంగ్లీషు వినడానికి ఫలక్‌నుమా స్టేషన్లో ఒకసారి లోకల్ రైలు రెండు నిమిషాలు ఆగిపోయిందని పాతబస్తీ జహనుమాలో చెప్పుకుంటారు. అబద్ధం అన్నవాళ్ళను రైలునే వెళ్ళి అడగమంటారు.

ఆ ఇంగ్లీషు పుట్టుక మాత్రం చాలా చిన్నది. వైకుంఠం ఐదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి, తండ్రి రేకు సందూకల, అంటే పెట్టెల, దుకాణంలో సుత్తి పట్టాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి బీరువాలు చేయడం నేర్చాడు. ఒకనాడు కారులోంచి ఒకావిడ దిగి, తనకు కావలసిన బీరువా ఎలా ఉండాలో పావుగంట సేపు ఇంగ్లీషులో చెప్పింది. వైకుంఠం మధ్యమధ్య “యెస్ మేడమ్”, “ఓకే మేడమ్” అని తల ఊపాడు. ముక్క అర్థం కాలేదు. ఆమె చేతులు ఎంత ఎత్తుకు లేచాయో, ఎంత వెడల్పుకు చాచుకున్నాయో అది మాత్రం కంటితో కొలిచి పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి బీరువా తయారైంది. ఆవిడ చూసి “ఎక్సలెంట్” అంది. ఆ మాట వీధి వీధంతా విన్నది. ఆ రోజు నుంచి అతను ఇంగ్లీష్ వైకుంఠం.

పేరు వచ్చాక దాన్ని సాకాలి గదా, పిల్లి కూనను సాకినట్టు. రోజూ పొద్దున చాయ్ హోటల్లో ఇంగ్లీషు పేపర్ విప్పి, రాత్రి తెలుగు టీవీలో విన్న వార్తలు ఒక్కొక్కటే “అనువాదం” చేసి చెప్పేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారే దొరికిపోబోయాడు. మెడ నిండా దండలున్న ఒకాయన ఫొటో చూపించి, ఫలానా దేశంలో ఎలక్షన్ గెలిచాడన్నాడు. ఆయన చచ్చిపోయాడని మధ్యాహ్నానికి తెలిసింది. “గెలిచి సచ్చిండు,” అన్నాడు వైకుంఠం కన్నార్పకుండా. హోటలంతా అయ్యో పాపం అంది.

అలాంటివాణ్ణి కంపెనీకి డైరెక్టర్ చేయకుండా ఎవరుంటారు?

కంపెనీ కథ ఏమిటంటే, బీరువా చేయడం ఒక ఎత్తు, దానికి రంగు వేయడం ఒక ఎత్తు. రంగు పొడి చల్లి పెద్ద భట్టీలో కాలిస్తే ఇరవై ఏళ్ళు పెచ్చు లేవదు. ఆ భట్టీ ఒక్కడు కొనలేడు. జహనుమా, ఆ చుట్టుపక్కల గల్లీల కార్ఖానాలవాళ్ళు బీరువాలను ట్రాలీల్లో కట్టి, ఊరవతలికి పంపి, తిరిగొచ్చేలోపు పడ్డ సొట్టలు చూసి తలలు బాదుకునేవారు. సర్కారు పథకం ఒకటి వచ్చింది: మీరంతా కలిసి కంపెనీ పెట్టండి, కొంత మీరు వేయండి, మిగతాది మేమిస్తాం, ఉమ్మడి భట్టీ కట్టుకోండి. ముప్పై ఏడు కార్ఖానాలు కలిశాయి. తలా కొంత వేస్తే అరవై లక్షలైంది. సర్కారు మూడు కోట్లు పంపింది. స్థలం కాగితాలు తేలలేదు. డబ్బు మూడేళ్ళు బ్యాంకులో పడుకుంది. డబ్బు మనిషిలా కాదు, పడుకుంటే బలుస్తుంది. వడ్డీ అరవై అయిదు లక్షలు దాటింది.

ఆ వడ్డీ వాసన పట్టుకొని ఒక పొద్దున పన్ను ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు.

మర్యాదస్తులే. వైకుంఠం కార్ఖానా పైగదిలోనే కంపెనీ ఆఫీసు. వైకుంఠం అప్పుడే హోటల్ నుంచి వచ్చి, పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. టైపు చేసే బేబీ లేచి నిలబడింది. పక్క కార్ఖానా యజమాని, కంపెనీలో రెండో డైరెక్టర్ ప్రేమ్‌రాజ్ మెట్లెక్కి పరుగున వచ్చాడు. వైకుంఠం చాయ్ తెప్పించాడు, బిస్కెట్లు తెప్పించాడు, ఫ్యాన్ వాళ్ళవైపు తిప్పించాడు. చిన్న ఆఫీసర్ లాప్‌టాప్ తెరిచి, ప్రమాణం చేయించి, తెలుగులో అడుగుతూ ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాడు.

“బ్యాంకులో ఉన్న డబ్బు, దాని మీద వచ్చిన వడ్డీ ఎవరివండీ?”

“మనయే సార్!” అన్నాడు వైకుంఠం, బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరుపుతూ.

ఆ మాటలో ఎంత మర్యాద ఉందో తెలియాలంటే మన దగ్గర పుట్టాలి. ఇంటికొచ్చినవాడితో “మా ఇల్లు” అంటామా? “మన ఇల్లే సార్, కూసోండ్రి” అంటాం. అంతమాత్రాన వచ్చినవాడు ఇంటి కాగితాలు అడగడు. “మా పైసలు” అంటే పొగరు. “మీ పైసలు” అంటే, సర్కారు మనిషి అక్కడే మూటగట్టి ఇమ్మంటాడేమో అని భయం. అందుకే “మనయే”. అందులో ముప్పై ఏడు కార్ఖానాలున్నాయి, సర్కారు ఉంది, అడిగిన ఆఫీసర్ కూడా ఉన్నాడు. ఇంగ్లీషుకు అంత పెద్ద ఇల్లు లేదు. ఆ డబ్బు, వడ్డీ రెండూ కంపెనీవేనని లాప్‌టాప్‌లో పడింది.

“మొత్తం తెలుగులో చదివి వినిపించమంటారా? ఇంగ్లీషు వచ్చా మీకు?” అని ఆఫీసర్ అడిగాడు.

ఆ ఒక్క క్షణంలో వైకుంఠం బేబీని చూశాడు. ప్రేమ్‌రాజ్‌ను చూశాడు. బల్ల మీద పేపర్ ఉండనే ఉంది.

“అరే, రోజు పేపరే ఇంగ్లీషుల సదువుతం సార్,” అన్నాడు. నాలుగు పేజీల మీద నాలుగు సంతకాలు గీశాడు.

ఎనిమిది నెలలకు ఆర్డర్ వచ్చింది. వడ్డీ మొత్తం కంపెనీ ఆదాయమే, పన్ను, దాని మీద వడ్డీ కలిపి పాతిక లక్షల పైచిలుకు కట్టండి, జరిమానా సంగతి తరువాత చూస్తాం అని దాని సారాంశం. భట్టీకి స్థలం కూడా అదే నెలలో తేలింది. ఈ పన్ను కడితే పునాది కూడా లేవదు. పైగా ఆ సర్కారు వడ్డీని పథకం ఆఫీసుకు తిరిగి కట్టాలని ఒప్పందం. ఒకే వడ్డీని ఇటు ఆదాయమని కోసి, అటు వాపసు ఇమ్మంటే, తోలు తీశాక మేకను పాలివ్వమన్నట్టు.

వైకుంఠం సైదాబాద్‌లో కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్ శ్రీపాద దగ్గరికి పోయాడు. శ్రీపాదది తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. మాట మెత్తన, చూపు పదును.

“జర సమజయ్యేటట్టు జెప్పు సారూ. ఏంది మన తప్పు?”

“బీరువాకు మూడు అరలు అనుకోండి వైకుంఠంగారు. బీరువా చేసి అమ్మితే వచ్చేది మొదటి అర, వ్యాపార ఆదాయం. డబ్బు ఊరికే బ్యాంకులో పడుకొని గురక పెడితే వచ్చేది రెండో అర, ఇతర ఆదాయం. మీ భట్టీ ఇంకా మొదలే కాలేదు కాబట్టి వ్యాపారం అనలేం. మూడో అరలో ఉన్నది అసలు ఆదాయమే కాదు. మీ దగ్గర ఉంటుంది, మీది కాదు.”

“రిపేరుకొచ్చిన బీరువాల గొలుసు దొరికినట్టు.”

“కరెక్ట్. ఆ గొలుసు మీ ఆదాయం కాదు.”

“మరి గా గొలుసు లాకర్ల ఉండి ఉండి, కోడి గుడ్డు బెట్టినట్టు ఉంగరం బెట్టింది అనుకో, గా ఉంగరం ఎవరిది?”

శ్రీపాద నవ్వాడు. “గొలుసు ఎవరిదో ఉంగరం కూడా వాళ్ళదే, అని ఒప్పందంలో రాసుంటే. మీ కాగితంలో రాసుంది. సర్కారు మూడు కోట్ల మీది వడ్డీ మీ ఖాతాలో పడ్డా, పుట్టుకతోనే సర్కారుది. అది మూడో అర. సభ్యులు వేసుకున్న అరవై లక్షలు మాత్రం కంపెనీ సొంతం, వాటి వడ్డీ రెండో అర. దాని మీద పన్ను కట్టాల్సిందే.”

“మరి కాగితం ఉన్నంక లొల్లి ఏంది?”

శ్రీపాద నవ్వు ఆపేశాడు. “మూడేళ్ళు ఆ వడ్డీ మీరు వాపసు కట్టలేదు. ఖాతా కంపెనీ పేరు మీదుంది. కాగితం ఒక మాట చెబుతోంది, డైరెక్టర్ ప్రమాణం చేసి ఇంకో మాట చెప్పాడు అంటున్నారు. డబ్బూ వడ్డీ మాదే అని మీరు ఒప్పుకున్నారు. ఇదిగో, మీ వాంగ్మూలం మూడో పేజీ.”

వైకుంఠం ఆ లైను వైపు చూశాడు. చీమల బారు. “నేను మనయే అన్న సారూ. మాయే అనలే.”

“చదివి సంతకం పెట్టారు కదా.”

వైకుంఠం బావిలో తాడు తెగినవాడిలా కూర్చున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

“నాకు ఇంగ్లీషు సదువరాదు సారూ.”

శ్రీపాద కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. “అయితే ఆ మాటే ప్రమాణపత్రంలో రాసివ్వాలి. మీకు ఇంగ్లీషు రాదని, తెలుగులో ఎవరూ చదివి వినిపించలేదని, మీ మాట అర్థం వేరని. అప్పీల్లో వేద్దాం. కానీ అది దాగదు. అందరికీ తెలుస్తుంది.”

ఇంటికి ఆటోలో వస్తూ వైకుంఠం దారి పొడుగునా బోర్డులు చూశాడు. తెలుగువి చదివాడు. ఇంగ్లీషువి చదివినట్టు పెదాలు కదిపాడు. అలవాటు. దాన్ని ఆపడానికి పెదవి పళ్ళ కింద పెట్టుకున్నాడు.

భార్య సక్కుబాయి చింతపండు పిసుకుతోంది. ముందుగా ఆమెకే చెప్పాడు. చెల్లెళ్ళ దగ్గర, వియ్యపురాళ్ళ దగ్గర మా ఆయన ఇంగ్లీషు పేపర్ సదువుతడని ఆమె కొట్టుకున్న డప్పు చార్మినార్ దాకా వినిపిస్తుంది. నవ్వుతుందనుకున్నాడు, లేదా తిడుతుందనుకున్నాడు. ఆమె చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి.

“మరి నాకు పానం బాగలేనప్పుడు దవాఖాన చిట్టీలు సదివినవ్ గద? ఏ గోలి ఎప్పుడెయ్యాల్నో నువ్వే జెప్పినవ్.”

“మందుల దుకాణమాయన జెప్పింది యాదుంచుకొని జెప్పిన.”

“యాద్ మర్చినప్పుడో?”

వైకుంఠం గిన్నెలోని చింతపండు వైపు చూశాడు.

“మర్చినప్పుడు నీ నోటికొచ్చింది జెప్పినవ్ గదూ. నేను మింగిన.” ఆమె లేచి చేతులు కడుక్కుంది. ఆ పూట చారు కాలేదు. రెండు రోజులు ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, అతను చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అంది: “పోయి రాసియ్యి. ముప్పై ఏడు ఇండ్ల ఉసురు మనకొద్దు.”

పురానీ హవేలీ కోర్టు బయట నోటరీ దగ్గర రాసిచ్చాడు. శ్రీపాద దాన్ని అప్పీలుతో కలిపి పంపాడు, దానికి పన్ను ఆఫీసు జవాబు వచ్చింది. శ్రీపాద ఫోన్లో చదివి వినిపించాడు: ‘మేము వెళ్ళినప్పుడు సదరు డైరెక్టర్ ఆంగ్ల దినపత్రిక చదువుతూ కనిపించారు. తనకు ఆంగ్లం వచ్చని తానే చెప్పారు. ఇప్పుడు రాదనడం పన్ను తప్పించుకోవడానికే.’

లోకంలో చదువు వచ్చని నిరూపించడానికి కాగితాలుంటాయి. రాదని నిరూపించడానికి ఏముంటుంది? జహనుమాలో ఎవరిని సాక్షిగా పిలిచినా, “అయ్యో, వైకుంఠమన్న పేపర్ గడగడా సదువుతడు” అని ఖురాన్ మీదా గీత మీదా బైబిల్ మీదా ఒకేసారి ఒట్టేస్తారు. ఇరవై ఏళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన గోడ. ఇప్పుడు అతనే దాని కింద ఉన్నాడు.

ఆ దినాల్లో వైకుంఠం మూడో పేజీ జిరాక్సు జేబులో పెట్టుకొని తిరిగాడు. శ్రీపాద చెప్పిన ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి, ఇది ఈ మాట, ఇది ఈ మాట అని పోల్చుకున్నాడు. బతుకులో మొదటిసారి అతను ఇంగ్లీషులో ఒక వాక్యం నేర్చుకున్నాడు. అది తన మీద తాను చెప్పుకున్న సాక్ష్యం.

అప్పీలు విచారణ వీడియోలో అన్నారు. బేబీ లాప్‌టాప్ పెట్టి సర్దింది. శ్రీపాద పక్కన కూర్చున్నాడు. ప్రేమ్‌రాజ్, సభ్యులు పాతిక మంది దాకా తలుపు దగ్గర, మెట్ల మీద. విషయం ప్రేమ్‌రాజ్‌కు తెలుసు. మెట్ల మీదివాళ్ళకు తెలియదు. వైకుంఠమన్న ఇంగ్లీషులో దంచుతాడని చూడటానికి వచ్చారు.

తెర మీద కనిపించిన అధికారిణి ఎక్కడో ఉత్తరాదిలో కూర్చుంది. తెలుగు రాదు. హిందీలో మొదలుపెట్టింది.

“మీరు ఇంగ్లీషు పేపర్ చదువుతారని ఇక్కడ రాసుంది. చదువుతారా?”

“పకడ్‌తా హూఁ మేడమ్, పఢ్‌తా నై,” అన్నాడు వైకుంఠం. పట్టుకుంటాను, చదవను.

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. జోక్ అనుకున్నారు. ఆమె నవ్వలేదు. అతని వాంగ్మూలం మూడో పేజీ తెర మీద పెట్టి, ఒక లైను కింద పచ్చ గీత గీసింది.

“ఇది చదవండి.”

అదే లైను. వెనక పాతిక జతల కళ్ళు. అక్షరాలు ఒక్కొక్కటీ తెలిసినవాళ్ళలా పలకరిస్తున్నాయి. చదివితే వీధిలో పేరు నిలుస్తుంది, భట్టీ పోతుంది. రాదని ఊరుకుంటే ఎలాగూ గెలుస్తాడు, కానీ అదీ అబద్ధమే. ఆమె చదవమన్నది ఈ లైనే. ఈ ఒక్కటీ చదవగలడు.

“మేడమ్, యే ఏక్ లైన్ ఆతీ,” ఈ ఒక్క లైను వచ్చు అన్నాడు, చెమట కళ్ళలోకి దిగుతుంటే. తరువాత హిందీ చాలక, శ్రీపాద వైపు తిరిగి తెలుగులో పోశాడు. “జెప్పు సారూ ఆమెకు. గీ లైను నా గొంతుల ముల్లు. మూడు నెలల సంది జేబుల ఏసుకొని తిరుగుతున్న, గందుకే వచ్చింది. పక్క లైను అడగుమను. కింద లైను అడగుమను. రాదు.”

శ్రీపాద చెప్పాడు. ఆమె కింది లైను కింద గీత గీసింది. వైకుంఠం చూశాడు. గది అంతా చూసింది. ఆమె మొదటి పేజీకి వెళ్ళి ఇంకో లైను గీసింది. అతని పెదాలు అలవాటుగా కదలబోయాయి, ఆగిపోయాయి.

“నై ఆతా మేడమ్.”

ఈసారి మెట్ల మీద ఎవరూ నవ్వలేదు.

“మరి ఆ రోజు మీరు ఏమన్నారు?”

“మనయే అన్న.” హిందీలో ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాడు. పాతబస్తీలో పుట్టినవాడికి మాటకు కరువా? దొరికింది. “అప్నేచ్ హై బోలా. అప్నా బోలే తో ఆప్‌కా భీ, హమారా భీ. ఓ పైసా అమానత్ థా మేడమ్. దూస్రే కా రఖ్ లేకే బైఠే థే.”

మన అంటే మీదీ, మాదీ, వేరేవాళ్ళ సొమ్ము దాచుకొని కూర్చున్నాం అని. అమానత్ అన్న మాటకు ఆమె తల ఎత్తింది. ఇంకొకరి సొత్తును నమ్మకంగా దాచిపెట్టడం అని ఆ మాటకు వివరణ ఎవరూ చెప్పనక్కర్లేదు.

“అమానత్ అని ఆ రోజే ఎందుకు అనలేదు?”

“ఆ రోజు ఇంగ్లీషు వచ్చినోని లెక్క కూసున్న మేడమ్,” అన్నాడు తెలుగులోనే. శ్రీపాద దాన్ని హిందీలోకి అనువదించాడు.

రెండు నెలలకు ఆర్డర్ వచ్చింది. బేబీ ఫోన్లో చూసి, ఒక్కో ముక్క తెలుగులో చెప్పింది. సర్కారు సొమ్ము మీది వడ్డీ కంపెనీ ఆదాయం కాదు, అది వాపసు పోవాల్సింది. సభ్యుల సొమ్ము మీది వడ్డీ ఇతర ఆదాయం, దానికి పన్ను కట్టాలి. అంటే నాలుగు లక్షలకు కాస్త అటూ ఇటూ. ఎవరికీ ఏమీ మిగల్లేదు, కానీ భట్టీ బతికింది. ప్రేమ్‌రాజ్ స్వీట్లు తెప్పించాడు. అందరూ వైకుంఠం భుజం తట్టారు. తట్టే చేతులు ఎప్పటికంటే మెత్తగా ఉన్నాయి, జబ్బు మనిషిని తట్టినట్టు.

మూడో నాడు ప్రేమ్‌రాజ్ ఒక్కడే పైకి వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

“అన్నా, బురా మానకు, తప్పుగ అనుకోకు. భట్టీ పని మొదలైతది. టెండర్లు, అగ్రిమెంట్లు మస్తు కాగితాలొస్తయ్. బ్యాంకోళ్ళు గూడ అడుగుతున్రు... సదివి సంతకం పెట్టెటోళ్ళు కావాలె అంటున్రు సబ్యులు. నువ్వు పెద్దమనిషివే. పెద్దమనిషి లెక్కనే ఉండు. గీ ఒక్క సంతకం పెడితే సాలు.”

వైకుంఠం కాగితం చూశాడు. ఇంగ్లీషులో ఉంది. తిరిగి ఇచ్చేశాడు.

“సదువు. తెలుగుల జెప్పు.”

“నా మీద నమ్మకం లేదా అన్నా?”

“ఉన్నది. సదువు.”

ప్రేమ్‌రాజ్ చదివాడు. “ముప్పై ఏడు కార్ఖానాల కంపెనీ డైరెక్టర్ పదవికి నేను నా అంతట నేను రాజీనామా చేస్తున్నాను. ఆరోగ్య కారణాల వల్ల...”

“ఆగు. మల్ల సదువు గది.”

“ఆరోగ్య కారణాల వల్ల.” ప్రేమ్‌రాజ్ తల ఎత్తలేదు. “మర్యాదగ ఉంటదని రాసినం అన్నా. అందరు గట్లనే రాస్తరు.”

“నా పానం మంచిగనే ఉన్నది.” వైకుంఠం బల్ల మీది పెన్ను తీసి అతని చేతిలో పెట్టాడు. “గది కొట్టెయ్. ఇంగ్లీషు సదువరాదు కాబట్టి అని రాయి.”

“అరే, గట్లెట్ల రాస్తం అన్నా? రికార్డుల ఉంటది. రేపు ఎవడన్న జూస్తే...”

“చూడనియ్యి. రాసినంక మల్ల ఒక్కసారి మొత్తం సదువు. గప్పుడు పెడ్త.”

ప్రేమ్‌రాజ్ పెన్ను మూత తీశాడు. కింద కార్ఖానాలో ఎవరో రేకు కొడుతున్నారు. అతను ఒక మాట కొట్టేసి, పైన రాయబోయి, ఆగి, నెమ్మదిగా రాయసాగాడు. వైకుంఠం ముందుకు వంగి, పెన్ను కదిలిన ప్రతి చోటా చూస్తూ కూర్చున్నాడు.